స్థానిక ప్రభుత్వ నిర్మాణ పనుల్లో ప్రివైలింగ్ వేజ్: బిడ్ వేసే రోజు నుంచి ఆఖరి బిల్లు దాకా

అమెరికాలో చిన్న కాంట్రాక్టింగ్ కంపెనీ నడిపే తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. సిటీ పనో, కౌంటీ పనో, స్కూల్ డిస్ట్రిక్ట్ పనో వచ్చింది. కాంట్రాక్టులో ప్రివైలింగ్ వేజ్ (ఆ ప్రాంతంలో ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస రేటు) ఇవ్వాలని ఒక పేజీ ఉంది. ఇప్పుడు ఏది ముందు, ఏది తర్వాత?

చట్టాన్ని ఓపిగ్గా చదివితే అర్థమవుతుంది. కొంప ముంచేది టైమ్‌షీట్లు. ఎవరు ఏ రోజు ఏ పని ఎన్ని గంటలు చేశారో ఆ రోజే రాసిపెట్టుకున్న కంపెనీకి ఆడిట్ అంటే పెద్ద టెన్షన్ ఉండదు. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఆ కాగితం సరిగ్గా ఉండటానికే.

1. ముందు డబ్బు ఎక్కడిదో తెలుసుకోండి

పని ఇచ్చింది సిటీ కాబట్టి సిటీ రూలే ఉంటుందనుకోవద్దు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఫెడరల్ డబ్బు కలిస్తే 1931 నాటి డేవిస్–బేకన్ చట్టం లేదా దానికి అనుబంధంగా ఉన్న చట్టాలు వర్తిస్తాయి. నేరుగా ఫెడరల్ కాంట్రాక్టు అయితే 2,000 డాలర్లు దాటగానే ఇది మొదలవుతుంది. సిటీ పనుల్లోకి ఇది ఎక్కువగా గ్రాంట్ల రూపంలో వస్తుంది. కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్‌తో కట్టే సీనియర్ సెంటర్, క్లీన్ వాటర్ స్టేట్ రివాల్వింగ్ ఫండ్‌తో వేసే మురుగునీటి లైన్ ఇలాంటివే.

ఇక రాష్ట్రాల సంగతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

- కాలిఫోర్నియాలో 1,000 డాలర్లు దాటిన పబ్లిక్ వర్క్స్ అన్నిటికీ వర్తిస్తుంది.
- ఇల్లినాయ్, వాషింగ్టన్, మసాచుసెట్స్‌లలో కనీస మొత్తం అంటూ లేదు. చిన్న పనికైనా వర్తిస్తుంది.
- టెక్సస్‌లో గవర్నమెంట్ కోడ్ 2258వ అధ్యాయం ప్రకారం స్థానిక సంస్థ డేవిస్–బేకన్ రేట్లు వాడుకోవచ్చు, లేదా తానే సర్వే చేసి రేట్లు పెట్టుకోవచ్చు.
- జార్జియా, నార్త్ కరోలినాలలో రాష్ట్ర చట్టం లేదు. అయినా ఫెడరల్ డబ్బు కలిస్తే ఫెడరల్ రూలు తప్పదు.

ఫెడరల్, రాష్ట్ర రూల్స్ రెండూ ఒకే పనికి వర్తించినప్పుడు ప్రతి పనివాడికీ ఏ రేటు ఎక్కువైతే అది ఇవ్వాలి. మీకు వీలైన చట్టాన్ని ఎంచుకునే వెసులుబాటు లేదు.

మనవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది కేబులింగ్ దగ్గర. ఐటీ కంపెనీకి స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి వైఫై పని వస్తుంది. ఇది కంప్యూటర్ పనే కదా అనుకుని మామూలు జీతాలతో బిడ్ వేస్తారు. సీలింగ్ టైల్ తీసి కేబుల్ లాగడం, గోడకు రేస్‌వే (కేబుల్ పెట్టే గొట్టం) బిగించడం, యాక్సెస్ పాయింట్ మౌంట్ చేయడం నిర్మాణ పని కిందకే వస్తాయి. కాలిఫోర్నియా రేట్ షీట్లలో దీనికోసం కమ్యూనికేషన్ అండ్ సిస్టమ్ ఇన్‌స్టాలర్ అనే వర్గమే ఉంది. ఆఫీసులో కూర్చుని స్విచ్ కాన్ఫిగర్ చేసే ఇంజనీరుకు సాధారణంగా ఈ రూలు అంటదు. అదే ఇంజనీరు నిచ్చెన ఎక్కి కేబుల్ లాగితే ఆ గంటలకు అంటుకుంటుంది.

పెయింటింగ్ కూడా ఇలాంటిదే. చాలామంది దాన్ని మెయింటెనెన్స్ అనుకుంటారు. డేవిస్–బేకన్ దృష్టిలో పెయింటింగ్, డెకరేటింగ్ నిర్మాణంలో భాగమే. కాలిఫోర్నియా అయితే మెయింటెనెన్స్ పనిని కూడా పబ్లిక్ వర్క్స్ లెక్కలోనే వేస్తుంది.

బిడ్ ముందు ఈమెయిల్‌లో అడగాల్సినవి:

☐ ఈ ప్రాజెక్టులో ఫెడరల్ డబ్బు ఉందా? ఉంటే ఏ ప్రోగ్రామ్ నుంచి?
☐ రాష్ట్ర ప్రివైలింగ్ వేజ్ వర్తిస్తుందా? సిటీకి సొంత ఆర్డినెన్స్ ఏదైనా ఉందా?
☐ ఏ వేజ్ డిటర్మినేషన్ (ఏ పనికి ఎంత ఇవ్వాలో చెప్పే అధికారిక రేట్ షీట్), దాని నంబర్, తేదీ ఏవి?
☐ సర్టిఫైడ్ పేరోల్ (నిజమేనని సంతకం చేసి ఇచ్చే జీతాల నివేదిక) ఎవరికి, ఏ పోర్టల్‌లో ఇవ్వాలి?

ఫోన్‌లో చెప్పిన జవాబు ఎందుకూ పనికిరాదు. జవాబు రాతలో తీసుకోండి. కాంట్రాక్టులో ఆ పేజీ లేకపోయినా రాష్ట్ర చట్టం వర్తించే పని అయితే బాధ్యత మీమీద పడొచ్చు. ‘మాకెవరూ చెప్పలేదు’ అనేది ఆడిట్‌లో నిలబడే జవాబు కాదు.

ఇంకో మాట. కనీస మొత్తం ఉన్న రాష్ట్రాల్లో ఒకే పనిని రెండు మూడు చిన్న ఆర్డర్లుగా విడగొట్టి పరిమితి కిందకి తెద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అది పట్టుకోవడం చాలా తేలిక.

2. సరైన రేట్ షీట్ సంపాదించండి

మూడు విషయాలు సరిపోలాలి: కౌంటీ, నిర్మాణ రకం, తేదీ.

ఫెడరల్ రేట్లు శామ్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నిర్మాణాన్ని అక్కడ నాలుగు రకాలుగా విడదీస్తారు: బిల్డింగ్, రెసిడెన్షియల్, హెవీ, హైవే. నాలుగంతస్తుల దాకా ఉండే అపార్ట్‌మెంట్లు రెసిడెన్షియల్‌లోకి వస్తాయి. ఐదో అంతస్తు వేస్తే అది బిల్డింగ్. ఒకే కౌంటీలో ఈ రెండింటికీ ఎలక్ట్రీషియన్ రేటు చాలా తేడాగా ఉండొచ్చు. రకం గురించి అనుమానం ఉంటే బిడ్ ముందే ఏజెన్సీని అడగండి.

తేదీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి.

- డేవిస్–బేకన్‌లో సాధారణంగా బిడ్లు తెరిచే రోజుకు అమల్లో ఉన్న షీట్ లెక్క. ఆ రోజుకు పది రోజుల లోపు వచ్చిన మార్పును బిడ్డర్లకు తెలియజేసే టైమ్ లేదని ఏజెన్సీ తేల్చి, ఫైల్‌లో రాస్తే వదిలేయవచ్చు. బిడ్లు తెరిచాక 90 రోజుల్లోపు కాంట్రాక్టు ఇవ్వకపోతే కొత్త షీట్ చూడాలి.
- కాలిఫోర్నియాలో బిడ్ ప్రకటన మొదటిసారి వెలువడిన తేదీ ముఖ్యం. రేట్లు ఏటా ఫిబ్రవరి 22న, ఆగస్టు 22న విడుదలవుతాయి. గడువు తేదీ పక్కన ఒక చుక్క గుర్తు (*) ఉంటే ఆ రేటు ప్రాజెక్టు అయ్యేదాకా నిలుస్తుంది. రెండు ఉంటే ముందే ప్రకటించిన పెంపులు మధ్యలో అమలవుతాయి. ఆ రెండో చుక్కను చూడక నష్టపోయిన బిడ్లకు లెక్కే లేదు.
- వాషింగ్టన్‌లో బిడ్ దాఖలు చేయాల్సిన ఆఖరి తేదీని బట్టి చూస్తారు.
- న్యూయార్క్‌లో ప్రతి జులై 1న కొత్త షెడ్యూలు వస్తుంది, జరుగుతున్న పనికీ అదే వర్తిస్తుంది. న్యూయార్క్ నగరంలో రేట్లు ప్రకటించేది నగర కంప్ట్రోలర్ ఆఫీసు, మిగతా రాష్ట్రంలో లేబర్ డిపార్ట్‌మెంట్.
- ఇల్లినాయ్‌లోనూ పని జరిగే నాటికి ఉన్న రేటే ఇవ్వాలి.

హెచ్–1బీ ఎల్‌సీఏలో చూసే ప్రివైలింగ్ వేజ్ పట్టికలు దీనికి పనికిరావు. లెవెల్ 1, లెవెల్ 2 అనే ఆ లెక్క వేరే వ్యవస్థది. గూగుల్‌లో వెతికితే మాత్రం ముందు అదే కనిపిస్తుంది.

షీట్ దొరకగానే పీడీఎఫ్‌గా దాచుకోండి. ఫైల్ పేరులో డిటర్మినేషన్ నంబర్, డౌన్‌లోడ్ తేదీ రాయండి. రెండేళ్ల తర్వాత ఆ పాత పేజీ కోసం వెతుక్కోవడం నరకం.

3. పనివాడి వర్గాన్ని చేతిలో ఉన్న పనిముట్టును బట్టి తేల్చండి

గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. కాబట్టి ఇక్కడ టైమ్ పెట్టండి.

మీ పేరోల్‌లో అతని హోదా ‘హెల్పర్’ అని ఉండొచ్చు. ఇన్‌స్పెక్టర్ సైట్‌కి వచ్చి అడిగేది హోదా కాదు. నువ్వు ఇప్పుడు ఏం చేస్తున్నావ్, ఏ పనిముట్లు వాడతావ్, గంటకు ఎంత ఇస్తున్నారు? ఫెడరల్ పనుల్లో ఈ ఇంటర్వ్యూకి ఎస్‌ఎఫ్–1445 అనే ఫారమే ఉంది. అందులో పనిముట్ల పేర్లు రాయడానికి ప్రత్యేకంగా గడి ఉంటుంది. కండ్యూట్ బెండర్ (వైర్ల పైపు వంచే పనిముట్టు) పట్టుకున్న మనిషి పేరోల్‌లో లేబరర్‌గా కనిపిస్తే కథ అక్కడే మొదలవుతుంది.

వర్గం తేల్చే వరస ఇలా పెట్టుకోండి:

ఒకటి, ప్రాజెక్టులో జరిగే పనులన్నీ క్రియల్లో రాయండి. తవ్వడం, పైపు బిగించడం, వైరు లాగడం, గోడ రుద్దడం, మాస్కింగ్ వేయడం, రంగు వేయడం, శుభ్రం చేయడం.

రెండు, ప్రతి పనికీ షీట్‌లో ఉన్న వర్గాన్ని ఎదురుగా రాయండి. కాలిఫోర్నియాలో ప్రతి డిటర్మినేషన్‌తోపాటు స్కోప్ ఆఫ్ వర్క్ పేజీలు ఉంటాయి. వాషింగ్టన్‌లో వర్గాల నిర్వచనాలు రూల్స్‌లోనే రాసి ఉంటాయి. ఫెడరల్ షీట్‌లో వర్గం పేరు మాత్రమే ఉంటుంది. అక్కడ ఆ ప్రాంతంలో ఆ పని ఎవరు చేస్తారనే స్థానిక ఆచారం చూస్తారు. అనుమానం ఉంటే ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌ను గానీ ఏజెన్సీని గానీ రాతపూర్వకంగా అడగండి.

మూడు, ఆ తర్వాతే మనుషుల పేర్లు రాయండి.

పెయింటింగ్‌నే తీసుకోండి. గోడను రుద్ది, పగుళ్లు పూడ్చి, టేపు అంటించే కుర్రాడు బ్రష్ ముట్టుకోలేదు కాబట్టి లేబరర్ అని రాసేస్తుంటారు. రంగు వేయడానికి గోడను సిద్ధం చేయడం సాధారణంగా పెయింటర్ పనిలో భాగమే. అతనికి పెయింటర్ రేటే ఇవ్వాలి.

తరచుగా వచ్చే చిక్కులు:

*ఒకే మనిషి రెండు రకాల పనులు చేస్తే.* ఫెడరల్ రూల్ ప్రకారం ఏ వర్గంలో ఎన్ని గంటలు చేశాడో సరైన రికార్డు ఉంటే విడివిడి రేట్లు ఇవ్వొచ్చు. రికార్డు లేకపోతే అన్ని గంటలకూ ఎక్కువ రేటే అడుగుతారు.

*హెల్పర్, ట్రైనీ.* షీట్‌లో ఆ వర్గం లేకపోతే అలాంటి రేటు లేనట్టే. తక్కువ రేటు ఇవ్వగలిగేది రిజిస్టరైన అప్రెంటిస్‌షిప్ ప్రోగ్రామ్‌లో ఉన్న అప్రెంటిస్‌కే, అదీ ఆ ప్రోగ్రామ్ చెప్పిన నిష్పత్తి దాటకుండా. నిష్పత్తికి మించి ఉన్న అప్రెంటిస్‌కు అతను చేసిన పనికి ఉన్న పూర్తి రేటు ఇవ్వాలి.

*ఫోర్‌మన్.* ఫెడరల్ రూల్లో అతను ఒక వారంలో 20 శాతానికి మించి చేతిపని చేస్తే, చేసిన ఆ గంటలకు రేటు వర్తిస్తుంది. చిన్న కంపెనీలో ఫోర్‌మన్ చేతులు కట్టుకుని నిలబడడం నేనైతే చూడలేదు.

*ఓనర్.* కంపెనీలో కనీసం 20 శాతం వాటా ఉండి, నిర్వహణలో నిజంగా పాల్గొనే ఓనర్‌కు ఫెడరల్ రూల్లో మినహాయింపు ఉంది. రాష్ట్రాల్లో ఇది మారుతుంది. ‘ఓనర్లం నలుగురం మేమే పని చేసుకుంటాం, కాబట్టి రూల్స్ లేవు’ అనే ధీమాతో బిడ్ వేయకండి.

*షీట్‌లో వర్గమే లేకపోతే.* మీరే ఒక రేటు ఊహించుకోకూడదు. ఫెడరల్ పనిలో ఎస్‌ఎఫ్–1444 ఫారంతో కొత్త వర్గం చేర్చమని ఏజెన్సీ ద్వారా కోరాలి. ఉన్న వర్గాల్లో ఏదో ఒకటి ఆ పని చేయగలిగితే ఈ దరఖాస్తు నిలవదు. మీరు అడిగే రేటు కూడా షీట్‌లోని మిగతా రేట్లతో పొంతన కుదిరేలా ఉండాలి.

4. ఫ్రింజ్ లెక్క: కాగితం మీద ఒకసారి చేసి చూడండి

షీట్‌లో ప్రతి వర్గానికీ రెండు అంకెలుంటాయి: మూల వేతనం, ఫ్రింజ్ (హెల్త్ ఇన్సూరెన్స్ లాంటి అదనపు ప్రయోజనాల విలువ). మీ బాధ్యత ఈ రెండిటి మొత్తం. ఫ్రింజ్‌ను నిజమైన ప్లాన్‌లకు కట్టొచ్చు, నగదుగా జీతంలో కలపొచ్చు, లేదా కొంత ఇలా కొంత అలా చేయొచ్చు.

లెక్క తెలియడానికి అంకెలు ఊహించుకుందాం. ఎలక్ట్రీషియన్ మూల వేతనం గంటకు 42.00 డాలర్లు, ఫ్రింజ్ 20.50. అతని హెల్త్ ఇన్సూరెన్స్‌కి మీరు నెలకు 800 డాలర్లు కడుతున్నారు. ఈ వారం 46 గంటలు పని చేశాడు, వారానికి 40 దాటితే ఓవర్‌టైమ్.

ముందు ఇన్సూరెన్స్‌ను గంట లెక్కకు తేవాలి. ఏడాదికి 9,600 డాలర్లు. దాన్ని ఏడాది మొత్తం పని గంటలతో భాగించాలి. ఫుల్‌టైమ్ మనిషికి 2,080 అనుకుంటే, మిగిలే భిన్నం వదిలేసి, గంటకు 4.61 డాలర్ల క్రెడిట్ వస్తుంది.

20.50లోంచి 4.61 తీసేస్తే మిగిలిన 15.89 నగదుగా ఇవ్వాలి.

- మామూలు గంట: 42.00 + 15.89 = 57.89. నలభై గంటలకు 2,315.60.
- ఓవర్‌టైమ్ గంట: 42.00కి ఒకటిన్నర రెట్లు 63.00, దానికి 15.89 కలిపితే 78.89. ఆరు గంటలకు 473.34.
- చెక్కులో స్థూల జీతం 2,788.94 డాలర్లు.

సరిచూసుకోండి. 46 గంటల ఇన్సూరెన్స్ క్రెడిట్ 212.06 కలిపితే మొత్తం 3,001.00. ఇంకో దారిలో 42 చొప్పున 40 గంటలకు 1,680, 63 చొప్పున 6 గంటలకు 378, ఫ్రింజ్ 46 గంటలకు 943. అదీ 3,001. రెండూ కలిస్తేనే పేరోల్ నొక్కండి.

ఇందులో జరిగే తప్పులు:

ఇన్సూరెన్స్‌ను ప్రభుత్వ పని గంటలతోనే భాగించడం. ఈ మనిషి నెలలో 80 గంటలే ప్రభుత్వ పని చేశాడనుకుని 800ను 80తో భాగిస్తే పది డాలర్ల క్రెడిట్ వచ్చేస్తుంది. ఇది తప్పు. ఇన్సూరెన్స్ అతన్ని ప్రైవేటు పని చేసే గంటల్లోనూ కాపాడుతోంది కాబట్టి ఖర్చు అన్ని గంటల మీదా పరచాలి.

ఓవర్‌టైమ్ గంటలకు ఫ్రింజ్ మర్చిపోవడం. ఫ్రింజ్‌ను ఒకటిన్నర రెట్లు చేయక్కర్లేదు, కానీ ప్రతి గంటకూ ఇవ్వాలి. ఇది ఫెడరల్ పద్ధతి. రాష్ట్ర షీట్‌లో ఓవర్‌టైమ్ అంకె విడిగా ఇస్తే దాన్నే అనుసరించండి.

చట్టం ఎలాగూ కట్టమనే వాటిని ఫ్రింజ్‌గా చూపడం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాటా, నిరుద్యోగ బీమా, వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియం లెక్కలోకి రావు. కంపెనీ ట్రక్కు, పనిముట్లు, పెట్రోలు డబ్బులు కూడా రావు.

ఇంకో సంగతి. కాలిఫోర్నియాలో రోజుకు 8 గంటలు దాటగానే ఓవర్‌టైమ్. మంగళవారం పది గంటలు చేసి శుక్రవారం రాకపోయినా మంగళవారం రెండు గంటలకు ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే. శనివారం, పండగ రోజుల రేట్లు ఫుట్‌నోట్లలో ఉంటాయి. అవి చిన్న అక్షరాలు. అయినా చదవండి.

5. బిడ్‌లో ఏ అంకె వేయాలి

మూల వేతనం, ఫ్రింజ్ కలిపి వేస్తే సరిపోదు. నగదుగా ఇచ్చే ఫ్రింజ్ జీతమే కాబట్టి దానిమీద యజమాని వాటా 7.65 శాతం పేరోల్ పన్ను పడుతుంది, వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియం కూడా పెరుగుతుంది. పని ఏడాది దాటేలా ఉంటే మధ్యలో రాబోయే పెంపులు కలపండి. సర్టిఫైడ్ పేరోల్ చేసే మనిషి గంటలను కూడా ఖర్చుగా వేయండి. అది ఎవరూ వేయరు, అందరికీ పడుతుంది.

పక్కవాడి బిడ్ మీకంటే మరీ తక్కువగా ఉంటే అతనికి రహస్యం తెలుసనుకోకండి. బహుశా రేట్ షీట్ చదవలేదు.

6. మొదటి రోజుకు ముందు పూర్తవ్వాల్సినవి

☐ రిజిస్ట్రేషన్. కాలిఫోర్నియాలో డీఐఆర్ (రాష్ట్ర పారిశ్రామిక సంబంధాల శాఖ) దగ్గర పబ్లిక్ వర్క్స్ కాంట్రాక్టర్‌గా నమోదు కావాలి. కొత్త నిర్మాణం 25,000 డాలర్లలోపు, మెయింటెనెన్స్ 15,000 లోపు ఉంటే నమోదు నుంచి మినహాయింపు ఉంది, వేతనం నుంచి మాత్రం లేదు. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో కూడా కాంట్రాక్టర్ నమోదు ఉంది.
☐ వాషింగ్టన్‌లో స్టేట్‌మెంట్ ఆఫ్ ఇంటెంట్ (ఏ రేట్లు ఇస్తామో ముందే చెప్పే పత్రం) దాఖలు చేయడం. అది ఆమోదం పొందేదాకా ఏజెన్సీ మొదటి బిల్లు ఇవ్వదు.
☐ కాలిఫోర్నియాలో అప్రెంటిస్ కాగితాలు: కాంట్రాక్టు కుదిరిన పది రోజుల్లోపు, పని మొదలయ్యేలోపు, కాంట్రాక్టు దక్కిందని అప్రెంటిస్‌షిప్ కమిటీకి తెలిపే డీఏఎస్–140 ఫారం. అప్రెంటిస్‌లను పంపమని అడుగుతూ కనీసం 72 గంటల ముందు, అంటే శని, ఆదివారాలు, సెలవులు వదిలి మూడు రోజుల ముందు డీఏఎస్–142.
☐ సైట్‌లో అందరికీ కనబడే చోట రేట్ షీట్, ఫెడరల్ పని అయితే డబ్ల్యూహెచ్–1321 పోస్టర్. మీ ట్రైలర్ లోపల సొరుగులో ఉంటే అంటించినట్టు కాదు.
☐ పేరోల్ సైకిల్. డేవిస్–బేకన్ పనిలో జీతం వారం వారం ఇవ్వాలి. మీ కంపెనీ రెండు వారాలకోసారి ఇస్తుంటే ఇప్పుడే మార్చండి. ఈ ఒక్కటి చివరి నిమిషంలో కుదరదు.
☐ పనివాళ్లకు తెలిసిన భాషలో రేటు, వర్గం, ఫ్రింజ్ ఎలా ఇస్తారో చెప్పి సంతకం తీసుకోవడం.

7. టైమ్‌షీట్ ఇలా ఉండాలి

‘మంగళవారం, 8 గంటలు’ అని రాస్తే అది హాజరు పట్టీ మాత్రమే. కావాల్సింది ఇది:

మంగళవారం, ఉదయం 7 నుంచి 11, కండ్యూట్ బిగింపు, ఎలక్ట్రీషియన్, 4 గంటలు. 11.30 నుంచి 3.30, ట్రెంచ్ తవ్వకం, లేబరర్, 4 గంటలు. ప్రాజెక్టు పేరు. పనివాడి సంతకం, ఫోర్‌మన్ సంతకం.

అదే రోజు సాయంత్రం రాయించండి. శుక్రవారం కూర్చుని వారమంతా గుర్తుచేసుకుని నింపిన షీట్ చూడగానే తెలిసిపోతుంది. అన్ని రోజులూ ఒకే పెన్ను, అన్నీ సరిగ్గా ఎనిమిది గంటలు. ప్రైవేటు పని గంటలు కూడా అదే షీట్‌లో వేరే వరుసలో ఉండాలి, ఓవర్‌టైమ్ లెక్కకు అవి అవసరం.

8. సర్టిఫైడ్ పేరోల్ నింపడం

ఫెడరల్ పనికి డబ్ల్యూహెచ్–347 వాడతారు. ఆ ఫారమే వాడాలని లేదు గానీ అందులోని సమాచారమంతా, కింద ఉండే స్టేట్‌మెంట్ ఆఫ్ కంప్లయన్స్ సంతకం తప్పవు. జీతం ఇచ్చిన రోజు నుంచి వారంలోపు వెళ్లాలి. న్యూజెర్సీలో జీతం ఇచ్చిన పది రోజుల్లోపు. ఇల్లినాయ్‌లో గడిచిన నెలది తర్వాతి నెల 15లోపు రాష్ట్ర పోర్టల్‌లో. కాలిఫోర్నియాలో కనీసం నెలకోసారి డీఐఆర్ ఆన్‌లైన్ వ్యవస్థలో.

పంపే ముందు చూసుకోవాల్సినవి:

☐ వర్గం పేరు షీట్‌లో ఉన్నట్టే ఉందా? ‘టెక్నీషియన్’ లాంటి సొంత పేర్లు వద్దు.
☐ రోజువారీ గంటలు టైమ్‌షీట్‌తో సరిపోయాయా?
☐ ఈ ప్రాజెక్టు జీతం, వారం మొత్తం జీతం విడిగా ఉన్నాయా?
☐ ‘ఇతర కోతలు’ అన్న గడిలో అంకె ఉంటే అదేంటో వివరణ ఉందా?
☐ పూర్తి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకుండా ఆఖరి నాలుగు అంకెలే ఉన్నాయా?
☐ ఫ్రింజ్ ప్లాన్‌కు కట్టారా, నగదుగా ఇచ్చారా అన్నది సరిగ్గా గుర్తు పెట్టారా?
☐ వరుస నంబర్ ఉందా? పని జరగని వారానికి ‘పని లేదు’ అని పంపారా? ఆఖరిదానిపై ‘ఫైనల్’ అని రాశారా?

సంతకం చేసేవారు చదివి చేయాలి. తప్పుడు ప్రకటనకు శిక్ష సివిల్‌తో ఆగదు, క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. చెక్కు ఇచ్చి కొంత డబ్బు వెనక్కి తీసుకోవడం 1934 నాటి కోప్‌లాండ్ చట్టం కింద నేరం. ‘మనవాడే కదా, తిరిగిస్తాడులే’ అనుకున్న చోటే కేసులు మొదలయ్యాయి.

9. సబ్‌కాంట్రాక్టర్లు, 1099 మనుషులు

పనివాణ్ని ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టరుగా చూపి 1099 పన్ను ఫారం ఇస్తే రూలు పోదు. సైట్‌లో చేతిపని చేసే మనిషితో మీ ఒప్పందం ఏ పేరుతో ఉన్నా డేవిస్–బేకన్ అతనికి వర్తిస్తుంది. అడుగుకు ఇంత అని పీస్ రేటు ఇచ్చినా, చేసిన గంటలతో భాగిస్తే షీట్ రేటుకు తగ్గకూడదు.

మీరు ప్రైమ్ (ప్రధాన కాంట్రాక్టర్) అయితే సబ్ చేసిన తక్కువ చెల్లింపుకు మీరూ బాధ్యులే. సబ్‌కాంట్రాక్టులో వేతన నిబంధనలు పూర్తిగా చేర్చండి, రేట్ షీట్ జతచేయండి. పేరోల్ రాకపోతే బిల్లు ఆపే హక్కు రాసుకోండి. రాసుకున్నాక దాన్ని వాడండి. బంధువు కంపెనీ అయినా సరే.

మీరు సబ్ అయితే ప్రైమ్ దగ్గర రేట్ షీట్ అడిగి తీసుకోండి. ‘అదంతా మేం చూసుకుంటాం’ అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు.

10. తప్పు బయటపడితే

ముందుగా మీరే కనిపెట్టి సరిచేస్తే నష్టం తక్కువ. వరస ఇది:

1. ఏ మనిషికి ఏ వారం ఎంత తగ్గిందో పట్టిక వేయండి. ఒక్కడి దగ్గర దొరికిన తప్పు అదే వర్గంలో అందరి దగ్గరా ఉందేమో చూడండి.
2. బాకీని విడి చెక్కుగా, మామూలు పన్ను కోతలతో ఇవ్వండి. చేతికి నగదు ఇవ్వకండి.
3. ఆ వారాల సర్టిఫైడ్ పేరోల్‌ను ‘సవరించినది’ అని గుర్తుపెట్టి మళ్లీ పంపండి.
4. బ్యాంకులో చెల్లిన చెక్కు కాపీ, అందుకున్నట్టు సంతకం ఫైల్‌లో పెట్టండి.
5. ఎక్కడ తప్పు జరిగిందో ఏజెన్సీకి ఒక పేజీ ఉత్తరం రాయండి. సాకులు వద్దు, లెక్క చాలు.

పట్టించుకోకపోతే ఖర్చు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో తక్కువ చెల్లింపుకు ఒక్కో మనిషికి రోజుకు 200 డాలర్ల దాకా, అడిగాక పది రోజుల్లో పేరోల్ రికార్డులు ఇవ్వకపోతే మనిషికి రోజుకు 100 డాలర్ల జరిమానా. టెక్సస్‌లో మనిషికి రోజుకు 60 డాలర్లు. ఫెడరల్ పనిలో బిల్లు ఆపేస్తారు, తీవ్రమైన ఉల్లంఘన అయితే మూడేళ్లు ప్రభుత్వ కాంట్రాక్టుల నుంచి నిషేధిస్తారు.

ఫిర్యాదు చేసిన పనివాణ్ని తీసేయకండి. అప్పటిదాకా జీతం తేడాగా ఉన్న కేసు అక్కడి నుంచి కక్షసాధింపు కేసు అవుతుంది.

11. పని అయిపోయాక

వాషింగ్టన్‌లో అఫిడవిట్ ఆఫ్ వేజెస్ పెయిడ్ (వేతనాలు ఇచ్చేశామనే ప్రమాణ పత్రం) ఆమోదం పొందితే గానీ పట్టి ఉంచిన రిటైనేజ్ విడుదల కాదు. మీ సబ్‌లందరిదీ ఆమోదం పొందాలి. వాళ్లు తర్వాతి పనిలోకి వెళ్లిపోయాక ఫోన్ ఎత్తరు కాబట్టి, ఆఖరి చెక్కు ఇచ్చేముందే ఆ కాగితం తీసుకోండి. మిగతా చోట్ల కూడా ‘ఫైనల్’ పేరోల్ వెళ్లిందని పోర్టల్‌లో చూసి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

రికార్డులు ఫెడరల్ రూల్ ప్రకారం ప్రైమ్ కాంట్రాక్టు పనంతా పూర్తయ్యాక మూడేళ్లు దాచాలి. మీ భాగం ముందే అయిపోయినా గడియారం మొదలయ్యేది మొత్తం పని ముగిశాకే. ఫైల్‌లో రేట్ షీట్, టైమ్‌షీట్లు, సర్టిఫైడ్ పేరోల్, చెక్కులు, ఇన్సూరెన్స్ బిల్లులు, అప్రెంటిస్ రిజిస్ట్రేషన్లు, ఏజెన్సీతో నడిచిన ఈమెయిళ్లు ఉండాలి. పేరోల్ సాఫ్ట్‌వేర్ మార్చే ఆలోచన ఉంటే, సబ్‌స్క్రిప్షన్ ఆపేముందే అన్నీ పీడీఎఫ్‌లుగా దించుకోండి.